నత్త ముందు పోవాలి

ఆదివారం మధ్యాహ్నం మంజులత వంటింటి గడప మీద కూర్చుని పుంటికూర తెంపుతున్నది. ఒళ్లో చేట, చేటలో ఆకు, చేట అంచున ఫోను. గోడకు అవతలి గదిలో భర్త నాగరాజు, అతని దోస్తు సాయికిరణ్ చెరో దిండుకు ఆనుకుని ఫోన్లలో తలలు పెట్టుకున్నారు. గోడ పైభాగాన గాలి కోసం వదిలిన జాలీలోంచి వాళ్ల మాటలు, నవ్వులు ఇటు వస్తూనే ఉంటాయి. ఇటునుంచి గిన్నెల చప్పుడు అటు పోతుందో లేదో ఆమెకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు.

"వదినే, జర చాయ్ పెడ్తవా?" సాయికిరణ్ కేకేశాడు.

"పెడ్తది, పెడ్తది. ఆకు తెంపుడు కానీ," ఆమె తరఫున నాగరాజే జవాబు చెప్పాడు.

నాగరాజు మంచోడు. నకిరేకల్ బస్టాండు పక్కన మొబైల్ షాపు నడుపుతాడు. షాపు మూసి వచ్చేటప్పుడు మిర్చిబజ్జీలు తెచ్చి అందులో పెద్దది ఆమె పళ్లెంలోకి జరుపుతాడు. తలనొప్పి అంటే నుదుటికి బామ్ రాస్తాడు. చెయ్యెత్తడు, గొంతెత్తడు. మక్తల్‌లో ఉన్న ఆమె అక్కలు ఫోన్ చేసినప్పుడల్లా "నీకేమే, నీ మొగడు బంగారం" అంటారు. అందుకే ఆమె మనసులో ఫిర్యాదు అనేది ఎన్నడూ ఒక పూర్తి వాక్యంగా తయారు కాలేదు. సగంలో మొదలై సగంలోనే ఆగిపోయేది.

ఆ ఆట పేరు 'రాకాసి బరి'. ఫోన్లో ఆడేది. రకరకాల వింత మృగాల్లోంచి ఆరింటిని ఏరి జట్టు కట్టుకుని, అవతలివాడి ఆరింటితో ఒకదాని తర్వాత ఒకటి తలపడాలి. మామూలు పోటీలో ఏ మృగం బలం దానిదే. కానీ నాగరాజు దిగింది 'వారసుల పోటీ' అనే వేరే పద్ధతిలోకి. అందులో బరిలోకి దిగిన ప్రతి మృగం తన పుట్టుగుణాన్ని తన వెనక వచ్చే వాటికి వదిలిపోతుంది. ఓడిపోయినా, వెనక్కి తగ్గినా ఆ గుణం జట్టులోనే ఉంటుంది. విషం ఎక్కని నత్త ఒకసారి దిగిందంటే ఆ తర్వాత జట్టులో ఎవరికీ విషం ఎక్కదు. ముందుగా దెబ్బ కొట్టే మిణుగురు దిగి రాలిపోయినా, ఆ చురుకు మిగతావాటికి వస్తుంది. మొదట్లో నాగరాజు తనకిష్టమైన అగ్గిబర్రెను ముందే దించి, వరుసగా ఓడిపోయేవాడు.

ఒకనాడు అతనికి అన్నం వడ్డిస్తూ భుజం మీంచి చూసి, "గా నత్తను ముందుగాల పంపు," అన్నది మంజులత.

"నత్తనా? అది ఒక్క దెబ్బకు పోతది."

"పోతే పోనీ. పోయేముందు ఇచ్చేది ఇచ్చి పోతది గదా. బర్రెను ఆఖరుకు పెట్టు. అప్పటికి అందరి గుణాలు దానికి వస్తయ్."

ఆ ఆట గెలిచాడు. అన్నం చెయ్యితోనే ఆమె చెంప గిల్లాడు. మరునాడు సాయికిరణ్‌తో, "రాత్రి పండుకున్నప్పుడు తట్టిందిరా నాకు," అనడం జాలీలోంచి వినిపించింది. ఆమెకు కోపం రాలేదు. నిజం చెప్పాలంటే సంతోషమే కలిగింది, తన మాట ఒకటి గోడ దాటి పోయి అక్కడ పని చేస్తున్నందుకు.

అప్పటినుంచి జట్లు కట్టే పని ఆమెది. రొట్టెలు కాల్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, ఏ మృగం వెనక ఏది రావాలో మనసులో పేర్చుకునేది. ఆ పని ఆమెకు కొత్త కాదు. పొద్దున ఆమె లెక్కలు చెప్పే ప్రైవేటు బడిలో ఏటా జూన్‌లో టైంటేబుల్ వేసేది ఆమే. ఏ టీచరు తర్వాత ఏ టీచరు, ఆటల పీరియడు ఎవరిది కోయాలి, అన్నీ ఆమె పేర్చి ఇస్తే, కింద సంతకం పెట్టి చదివేది హెడ్మాస్టరు కృష్ణయ్య సారు. "మేడం చేతిరాత బాగుంటది," అని మెచ్చుకుంటాడు కూడా.

"కట్టుడు నీది, ఆడుడు నాది," అనేవాడు నాగరాజు. "ఆడాల్నంటే గుండె ఉండాలె మంజూ. నువ్వు ఓడిపోతే ఏడుస్తవ్." ఆమె నవ్వేది. అత్త గోపమ్మ, "ఫోన్ల కండ్లు పెడితే పోతయ్ బిడ్డా," అని కోడలికి చెప్పి, కొడుకు వైపు తిరిగి, "పగలంత నిలబడి అలిసిండు, జరసేపు ఆడుకోనీ," అనేది.

అతనికి ఇచ్చేముందు జట్టును ఒకసారి తానే ఆడి చూడాలని మంజులతకు అనిపించింది. ఉప్పు చూడకుండా కూర వడ్డిస్తామా? అందుకని తన ఫోన్లో వేరే పేరు పెట్టుకుంది. 'కందిచేను'. పుట్టిల్లు మక్తల్‌లో బాపు తన చేన్లో ఎప్పుడూ వేసేది కందే. తన బొమ్మగా జడ వేసుకున్న ఆడపిల్లను ఎంచుకుంది. మధ్యాహ్నాలు అత్త కునుకు తీసేటప్పుడు ఆడేది. గెలిచేది. పట్టికలో పేరు పైకి పోతున్నదని తెలుసు. కానీ షాపు అద్దంలో వేలాడే ఖరీదైన చీరను కొనేది లేనట్టు చూసి కదిలిపోతామే, అట్లా చూసి వదిలేసేది.

ఈ రోజు సాయంత్రంతో పోటీ ముగుస్తుంది. పై ఎనిమిది మందిని వచ్చే ఆదివారం హైదరాబాదులో వేదిక మీద ఆడిస్తారు. నాగరాజు ఎనిమిదో స్థానంలో ఉన్నాడు. ఊళ్లో తెలిసినవాళ్లందరికీ చెప్పుకున్నాడు, కొత్త చొక్కా కొన్నాడు. అక్కడ ఆడడానికి గట్టి జట్టొకటి కట్టమని పొద్దుటినుంచి మంజులత వెంట పడ్డాడు. ఆమె కట్టింది. ఈసారి ఊసరవెల్లిని పెట్టింది. దానికి ఒకటే గుణం. అది ఓడిపోయిన క్షణాన అవతలి జట్టు పోగుచేసుకున్న గుణాలన్నీ మన జట్టుకు కూడా వస్తాయి. ఎవరూ వాడని మృగం. పనిచేస్తుందో లేదో చూద్దామని, ఆకు తెంపుతూనే ఒక ఆట మొదలుపెట్టింది.

తెర మీద అవతలి ఆటగాడి పేరు వచ్చింది. 'నాగా నకిరేకల్'.

మంజులత చేతిలో పుంటికూర కాడ అట్లాగే ఆగిపోయింది.

దగ్గర దగ్గర స్థానాల్లో ఉన్నవాళ్లనే ఆట జతచేస్తుందని ఆమెకు తెలుసు. తాను తొమ్మిదో స్థానంలో ఉన్నానని కూడా తెలుసు. ఈ రెండూ ఒకచోట కలుస్తాయని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. గోడకేసి చూసింది. అవతల సాయికిరణ్ అంటున్నాడు, "అన్నా, ఆడపిల్ల తగిలింది. అయిపాయె, హైదరాబాద్ మనదే."

నాగరాజు నత్తను దించాడు. తాను చెప్పినట్టే, ముందుగా. అది చూసి ఆమెకు, చెప్తే నవ్వుతారు గాని, గర్వం కలిగింది. నిన్న బట్టలు ఆరేస్తూ తాను పేర్చిన జట్టు ఒక్కొక్కటిగా తన మీదికే నడిచి వస్తున్నది. దాని ప్రతి అడుగూ ఆమెకు తెలుసు. ఎట్లా ఆపాలో తెలుసు. అందుకే వేలు తెర మూలకు పోయింది. అక్కడ 'ఓటమి ఒప్పుకుంటాను' అని ఒక మీట ఉంటుంది. అతని కొత్త చొక్కా గుర్తొచ్చింది. ఇది తన ఆట కాదు కదా అనుకుంది. ఇంకొక్క క్షణమైతే నొక్కేసేదే.

అవతల గదిలో ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు వెనకే తెర మీద మాటలు వచ్చాయి.

'ఎవడు నేర్పిండే నీకు?'

ఆమె వేలు ఆగింది. మళ్లీ నవ్వు. మళ్లీ మాటలు.

'పొయ్యి కాడ పని లేదా? పోయి అంట్లు తోముకో.'

మంజులత ఆ అక్షరాలను రెండుసార్లు చదివింది. సాయికిరణ్ రాశాడేమో, ఫోను అతని చేతిలో ఉందేమో అనుకుంది. అంతలో నాగరాజు గొంతు, స్పష్టంగా, సరదాగా, "ఆగు ఆగు, ఇంకోటి రాస్త, సూడు," అన్నది. నుదుటికి బామ్ రాసేటప్పుడు "జర కండ్లు మూసుకో" అనే గొంతే. అందులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు కొంచెం నయంగా ఉండేది.

'మా ఇంట్ల గూడ ఒకటుంది. తెంపుమంటే ఆకు తెంపుతది, నోరు మూసుకొని ఉంటది. నువ్వు గూడ గట్లుండు.'

ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. ఇన్నేళ్లు తాను మాట్లాడకుండా ఊరుకున్నవన్నీ, అత్త ముందర వద్దులే అని, పండుగ పూట వద్దులే అని, అలిసి వచ్చాడు కదా అని మింగినవన్నీ, అతనికి కనబడలేదేమో అనుకుంది ఇన్నాళ్లు. కనబడ్డాయి. బాగానే కనబడ్డాయి. వాటికి అతను ఒక పేరు పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని ఆడమనిషికి మచ్చుకు చూపిస్తున్నాడు. ఒకటుంది. ఇంట్లో కుర్చీ ఒకటుంది, బీరువా ఒకటుంది, అన్నట్టు.

కునుకు తీస్తున్న గోపమ్మ లేచి వచ్చింది. కోడలి మొహం చూసింది. చేట తీసి తన పక్కన పెట్టుకుని మిగిలిన ఆకు తెంపసాగింది. ఆ ముసలి వేళ్లు అట్లా అడగకుండా పనిలోకి దిగడం చూశాక మంజులతకు ఊపిరి ఆడింది.

ఆమె ఊసరవెల్లిని దించింది.

నవ్వుకుంటూ ఆడుతున్న నాగరాజు తొందరపడ్డాడు. రాతితాబేలు దిగి దెబ్బ సగానికి తగ్గించే గుణాన్ని ఇచ్చి పోయేదాకా ఆగమని ఆమె ఎన్నోసార్లు చెప్పింది. ఆగలేదు. అగ్గిబర్రెను దించి ఒక్క మంటతో ఊసరవెల్లిని కాల్చేశాడు. "సచ్చె!" అని అవతల అరుపు. ఆ అరుపు ఆగకముందే అతని జట్టు కూడబెట్టుకున్న గుణాలన్నీ ఆమె జట్టుకు వచ్చేశాయి. విషం ఎక్కకపోవడం, ముందుగా కొట్టడం, అన్నీ. ఆ తర్వాత ఆమె ఆడింది పెద్దగా ఏమీ లేదు. తన పని తనకు తిరిగి వచ్చింది, అంతే. బర్రె మోకాళ్ల మీద కూలింది. దాని వెనక దిగిన తాబేలు ఎంతోసేపు నిలవలేదు. గోడ అవతల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

పట్టికలో కందిచేను ఎనిమిదికి ఎక్కింది. నాగా నకిరేకల్ తొమ్మిదికి జారింది. 'హైదరాబాదుకు వస్తున్నారా?' అని తెర అడిగింది. కింద రెండు మీటలు.

నాగరాజు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొహం తెల్లబోయి ఉంది. వెనక సాయికిరణ్.

"ఎవనికి చెప్పినవ్?"

"ఏంది?"

"నా టీం లోపల తెలిసినోడే ఆడిండు. ఏది ఎనుక ఏదొస్తదో అంత తెలుసు వానికి. ఆడపిల్ల బొమ్మ పెట్టుకుండు, దొంగ లంగ. నిజం చెప్పు మంజూ, ఎవడు వాడు? మీ బళ్ల సారా?"

ఆమె అతని మొహంలోకి చూసింది. దొంగతనం అనుకోగలిగాడు. మోసం అనుకోగలిగాడు. పరాయి మగవాడిని కూడా అనుకోగలిగాడు. ఈ గడప మీద కూర్చున్న మనిషి ఆడి గెలిచి ఉంటుందన్న ఊహ మాత్రం అతనికి అందలేదు. ఇందాకటి మాటలకన్న ఇది ఆమెకు ఎక్కువ దిగ్భ్రమ కలిగించింది.

ఫోను తీసుకుని, బడిలో పాఠం చదివినట్టు, ఏ మాటా ఒత్తకుండా చదివింది. "'ఎవడు నేర్పిండే నీకు? పొయ్యి కాడ పని లేదా? పోయి అంట్లు తోముకో. మా ఇంట్ల గూడ ఒకటుంది. తెంపుమంటే ఆకు తెంపుతది, నోరు మూసుకొని ఉంటది.' గిది నాకే రాసినవ్."

సాయికిరణ్ నేల చూపులు చూస్తూ, "అన్నా, నేను మల్లొస్త," అని చెప్పులేసుకున్నాడు.

"నువ్వా?" అన్నాడు నాగరాజు. అది ప్రశ్నలాగా లేదు.

గోపమ్మ ఆకు తెంపడం ఆపలేదు. తల ఎత్తకుండానే అడిగింది, "ఒకటుంది అని రాసినవారా కొడుకా? ఆకు తెంపేటోళ్లం ఇంట్ల ఇద్దరమున్నం గదా."

"అమ్మా, నువ్వూకో. ఆటల ఏదో కుషీకి రాసింది. అందరు రాస్తరు." అతను గుమ్మంలో చతికిలబడ్డాడు. మెల్లగా అతని మొహంలో రంగు తిరిగి వచ్చింది. గొంతు మెత్తబడింది, ఆ పాత మంచి గొంతు. "సరే తీ. తప్పయింది. ఎట్లయితేంది, సీటు మనింట్లనే ఉన్నది గదా. నీ పేరు మీదనే పోదాం మంజూ. స్టేజి మీద నీకు భయమైతది, నేను పక్కన కూసుంట. ఏది ఎప్పుడు దించాల్నో నేను చెప్త. నువ్వు ఒత్తు, చాలు."

నిన్నటిదాకా ఆ గొంతుకు ఆమె కరిగిపోయేది. ఇప్పుడు కూడా గుండెలో ఎక్కడో కదిలింది. ఆ కదలికను ఆమె గుర్తుపట్టింది. ఇందాక వేలిని తెర మూలకు నడిపించింది అదే.

తెర మీద 'వస్తాను' అన్న మీటను నొక్కింది.

"ఒక్కదాన్నే పోత," అన్నది. "నువ్వు పక్కన కూసుంటే నాకు ఓడిపోవాల్ననిపిస్తది."

ఆ మాట విని నాగరాజు కన్న ముందు ఉలిక్కిపడింది ఆమే.