ఏడో మనవి

అక్క తయారుచేసే ప్రార్థన మనవుల జాబితాకు చర్చిలో మంచి పేరుంది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, ప్రతి శనివారం దాన్ని ఒక్క తప్పూ లేకుండా రాసి ఆరువందల మంది ఫోన్లకు పంపుతుంది. వివరం ఎంత స్పష్టంగా ఉంటే ప్రార్థనకు అంత గురి ఉంటుందని ఆవిడ నమ్మకం. మోకాలి ఆపరేషన్ అని ఊరుకోదు. కుడిదో ఎడమదో, ఏ ఆస్పత్రిలోనో, ఎన్ని గంటలకో రాస్తుంది. అన్నీ తెలిసిన దేవుడికి ఇన్ని వివరాలెందుకని ఎవరూ అడగలేదు.

ఆ అలవాటు కొద్దీ మూడు నెలల కిందట ఏడో మనవి ఇలా రాసింది: "కొండల అవతలి ఊళ్లో, బస్టాండు వెనక, గడియారాలు బాగుచేసే మా మరిదిగారి కొట్టు లోపలి గదిలో ప్రతి గురువారం నాలుగింటికి రహస్యంగా కూడుకునే పదకొండుమంది క్షేమం కోసం."

ఆ ఊళ్లో అనుమతి లేకుండా ప్రార్థనకు చేరడం నేరం. జాబితా ఫోన్లు మారి కొండలు దాటింది. మరుసటి గురువారం పోలీసులు అయిదు నిమిషాల ముందే వచ్చారు. గడియారాలాయన అప్పటినుంచి జైల్లో ఉన్నాడు.

ఇప్పుడు ఆయన భార్య, అంటే అక్కకు సొంత చెల్లెలు, అక్క వంటగదిలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఏడో మనవి మాట ఎత్తలేదు.

"ఏమే, మనిషివి సగమైపోయావు. ముందు తిను."

"తినే వచ్చానక్కా."

"నీ ముఖం చెబుతోందిలే తిన్నావో లేదో. ఇదిగో, నేను రాసింది పొరపాటు, అక్కడెవరూ ప్రార్థన చెయ్యలేదు అని కాగితమిస్తే వదిలేస్తామన్నారుగా? ఇచ్చేస్తాను. ఒక్క సంతకమే కదా!"

"ఆయనకి చెప్పా. వద్దన్నాడు."

"ఎందుకట?"

"'చేశాంగా' అన్నాడు. దవడ వాచిపోయి ఉంది."

అక్క పొయ్యి కట్టేసింది.

"నేనొచ్చింది దానికి కాదు," అంది చెల్లెలు. "ఆయన్ని చూడనిచ్చే రోజు మార్చేశారు. గురువారం, నాలుగింటికి. కావాలనే. మావాళ్లు మిగిలింది నలుగురు. ఇస్త్రీ చేసే ముసలామె గదిలో కూర్చుంటున్నాం. బైబిలు చదివి వినిపిద్దామంటే వాళ్లెవరికీ అక్షరం ముక్క రాదు. మూడు వారాలు ఆయన్ని చూడకుండా నేనే చదివా. ఈ వారం చూడాలక్కా. నువ్వొచ్చి చదువు."

"పట్టుకుంటే?"

"చోటిచ్చినవాళ్లనైతే వెంటనే లోపలేస్తారు. వచ్చినవాళ్లకి మొదటిసారి పేరు రాసుకుంటారు, రెండోసారి లోపలేస్తారు."

"నా మోకాళ్ల సంగతి తెలుసుగా. బస్సులో అయిదు గంటలు... పైగా ఆదివారం చర్చి వార్షికోత్సవం. కుర్చీలకు కొత్త కవర్లు కుట్టిస్తున్నాం. నేను లేకపోతే రంగు తేడా తెస్తారు. ఇక్కడ ఆరువందల మందిమి మీకోసం రోజూ ప్రార్థిస్తున్నామే!"

"తెలుసక్కా. మాకక్కడ ఒక్క మనిషి తక్కువైంది."

"పోనీ, నన్ను నాలుగు తిట్టవే."

"ఓపిక లేదక్కా," అని చెల్లెలు తాగిన గ్లాసు కడిగి, బోర్లించి, బయల్దేరింది.

గురువారం అక్క వెళ్లింది. ఆవిడకు ఏ దర్శనమూ కలగలేదు. ఆవిడను బస్సెక్కించింది విశ్వాసమో సిగ్గో తేల్చడానికి తగిన ఆధారాలూ లేవు.

ఇస్త్రీ గదిలో ఉక్క. నలుగురిలో ముగ్గురే వచ్చారు: ముసలామె, బస్టాండులో మూటలు మోసే పెద్దాయన, ఆయన భార్య. అక్క పుస్తకం తెరిచి, మైకు ముందు అలవాటైన గొంతుతో మొదలుపెట్టింది.

"అమ్మా, ఇదేమన్నా సభా?" అంది ముసలామె. "మెల్లగా! పక్కింటాయనకి వేరే పనేం లేదు, వినడమే పని."

మెల్లగా చదవడం ఆవిడకు చేతకాలేదు. గొంతు తగ్గిస్తే మాట సగమే వినిపించింది. ముగ్గురూ దగ్గరికి జరిగారు. పెద్దాయన తల ఆవిడ భుజానికి ఆనేంత దగ్గరికి. చెమట వాసన. ఒక్కొక్క మాటనే చూసి పలుకుతూ శత్రువులను ప్రేమించి వాళ్లకోసం ప్రార్థించమనే చోటికి చేరింది. ఆ భాగాన్ని ఎన్నో ఏళ్లుగా పిల్లలకు బహుమతులిచ్చి కంఠస్థం చేయించింది.

అక్కడ ముగ్గురూ కళ్లు మూసుకున్నారు. గడియారాలాయన్ని పట్టుకెళ్లిన ఆఫీసరుగారి తల్లికి వీపున పుండ్లు తగ్గాలని ముసలామె ప్రార్థించింది. మంచం పట్టిన ఆ తల్లి దుప్పట్లు ఉతికేది ఆమే. అక్క కళ్లు మూసుకోలేకపోయింది. ఏమని ప్రార్థించాలో తోచలేదు.

అరగంటలో అయిపోయింది. ఎవరూ రాలేదు, ఎవరూ పేరు రాసుకోలేదు. ముసలామె ఒక చొక్కా పరిచి నీళ్లు చిలకరించింది.

"వచ్చే గురువారం సంగతేంటమ్మా? మీ చెల్లెలు చదువుతుందా, మొగుణ్ణి చూస్తుందా?"

అక్క మోకాళ్లు పట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్లీ కూర్చుంది.

"చూస్తుందిలే," అంది.