మూసే ముందు అడిగే మాట

పైపులు తయారుచేసే ఆ కంపెనీలో ఆమెను అందరూ తాళాలమ్మ అంటారు. నిజానికి ఆమె దగ్గర ఒక్క తాళంచెవీ లేదు. ఇంట్లో బీరువాది కూడా ఎక్కడో పారేసుకున్న ఘనురాలు. కంప్యూటర్లో ఎవరికి ఏది తెరుచుకోవాలో, ఏది తెరుచుకోకూడదో చూడటమే ఆమె ఉద్యోగం. కొత్తవాళ్లు చేరితే తెరుస్తుంది, మానేస్తే మూస్తుంది.

ఆ మధ్యాహ్నం మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది. స్టాకు విభాగం పెద్దాయనకు నాలుగింటికి అన్నీ మూసేయమని మేనేజరు చెప్పాడు. మూశాకే ఆయన్ని గదిలోకి పిలిచి, రేపటినుంచి రానక్కర్లేదంటారు. ముందే చెబితే ఉక్రోషంలో ఏం చెరిపేస్తారోనని ఆ పద్ధతి. ఈలోగా విషయం పొక్కిందా, తాళాలమ్మ ఉద్యోగమూ ఊడుతుంది.

ఆ పెద్దాయన ఆమె సొంత మేనమామ. ఇదివరకు ఆమె కుర్చీలో తానే కూర్చుని, ఆమెకు పని నేర్పినవాడు. ముందు మూయాలి, తర్వాత చెప్పాలి అన్న పద్ధతి పెట్టించిందీ ఆయనే. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు గానీ, ఆ సామెత తలుచుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

అయితే నియమాల్లో లేని పని ఒకటి ఆయన చేసేవాడు. మూసే ముందు ఏదో వంకన ఆ మనిషికి ఫోన్ చేసి, చేస్తున్నది సేవ్ చేసుకున్నారా అని అడిగేవాడు. ఉద్యోగం ఎలాగూ పోతోంది, చేసిన పని కూడా పోవడం దేనికనేవాడు. ఆ ప్రశ్న వెనకున్న సంగతి మామకీ మేనకోడలికీ మాత్రమే తెలుసు.

తలనొప్పని ఇంటికి పోదామా అనుకుంది. పోతే ఇంకెవరో మూస్తారు, అడక్కుండా మూస్తారు. మంచినీళ్లకని లేచి, తాగకుండానే వచ్చి కూర్చుంది. అంతలో మేనమామే ఆమె బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇవాళ ఎవరిదో మూయాలి కదూ? నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ఇలాంటి రోజు నాకూ గుక్కెడు నీళ్లు దిగేవి కావు. ఎవరని నేనడగను, నువ్వు చెప్పకు. ఆ ఒక్క మాట అడగడం మాత్రం మరిచిపోకు."

భుజం తట్టి వెళ్లిపోయాడు. పొద్దుటినుంచీ ఎక్కిస్తున్న గోదాం లెక్కల్లో మళ్లీ తలదూర్చాడు.

నాలుగు కావస్తుండగా ఆమె ఫోన్ తీసింది. మూడు బల్లల అవతల ఆయన ఎత్తాడు.

"మామయ్యా, చేస్తున్నది సేవ్ చేసుకున్నావా?"

ఆయన తలెత్తి ఆమెవైపు చూశాడు. తర్వాత మీట నొక్కిన చప్పుడు ఫోన్లో వినిపించింది.

"చేసుకున్నానమ్మా. ఇక మూసెయ్."

ఆమె మూసేసింది. ఆయన కళ్లజోడు తీసి పెట్టెలో పెట్టుకున్నాడు. ముందే లేస్తే మేనకోడలి మీదికొస్తుందని, గదిలోంచి పిలుపు వచ్చేదాకా, ఏమీ తెలియనివాడిలా, ఇక తెరుచుకోని ఆ తెర ముందు టైపు చేస్తూనే కూర్చున్నాడు.