పెట్టెకు ఊపిరి చాలని పాట

గని కార్మికుల సమ్మె మొదలై నెల దాటింది. బొగ్గు పైకి రాక దేశమంతా వంతులవారీగా కరెంటు తీసేస్తున్నారు. డర్హమ్ గనుల మధ్య ఆ చిన్న ఊరికి వంతు రాత్రి తొమ్మిదింటికి. ఆలోగా కార్మికుల హాల్లో కచేరీ ముగించెయ్యాలని ముందే అనుకున్నారు. అనుకుని ఏం లాభం? ‘పేపర్ లైట్‌హౌస్’ రాక్ బృందంలో గడియారం చూసే అలవాటు ఒక్కడికీ లేదు. డ్రమ్మర్ గైల్స్ అయితే మరీను. ఒంటరిగా వాయించే అవకాశం దొరికితే లోకాన్నే మరిచిపోతాడు. ఆ రోజూ అదే చేశాడు.

కీబోర్డు వాయించేది నెవిల్. అతనిది ఈ ఊరే. లండన్‌లో ఎంత పెద్ద హాల్లో వాయించినా, తండ్రి కత్‌బర్ట్ ముందు వాయించడం ఇదే మొదటిసారి. మూడో ఆల్బమ్ రికార్డుకు ఒక పక్కంతా నిండిన ‘భూమి అడుగున దీపం’ తండ్రి దిగే గని మీద కట్టిన పాట. మెచ్చుకోకపోయినా సరే, ఆయన దాన్ని చివరిదాకా వింటే చాలు.

సాయంత్రం ఇంట్లో మొదలైన ఎత్తిపొడుపులు గుర్తొస్తూనే ఉన్నాయి.

“ఏందిరా, ఒక్క పాటకు ఇరవై నిమిషాలా? గంతసేపట్ల నేను బాయిల దిగి మల్ల మీదికొస్త,” అన్నాడు కత్‌బర్ట్ టీ చప్పరిస్తూ.

“అందుల ఐదు భాగాలున్నయ్ నాయినా.”

“గా పెట్టె సంగతేంది? మనుషుల గొంతులు టేపుల మీద వట్టి పెట్టిన్రట, మీట నొక్కితే పాడుతయట. పాడెటోళ్లు సచ్చిన్రా? మా చర్చి బృందం లేదా?”

“ఊకో జర! పిలగాన్ని తిననియ్యి,” అంది తల్లి ఎడ్నా, బఠాణీ ముద్ద వడ్డిస్తూ.

ఆ పెట్టె మెలోట్రాన్ అనే కరెంటు వాయిద్యం. ఒక్కో మీట కింద ఒక్కో టేపు. ఎనిమిది సెకన్లలో టేపు అయిపోతుంది, గొంతు ఠక్కున ఆగిపోతుంది. నెవిల్ పాటను దానికి తగ్గట్టే కత్తిరించుకున్నాడు.

ఐదో భాగం మొదలైన కాసేపటికే హాలు చీకటైంది. గిటార్లు మూగబోయాయి. జనం గోల చేశారు.

“ఎవనిమీద ఒర్లుతరు? బంద్ వెట్టింది మనమే గదరా!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది.

గైల్స్ ఆపలేదు. డ్రమ్ములకి కరెంటుతో పనేముంది? ఏడు దెబ్బల వంకర తాళం అది. కుర్రకారు చీకట్లోనే చప్పట్లు అందుకున్నారు, ఒక్క దెబ్బ జారలేదు. ఇదీ నా ఊరు, అనుకున్నాడు నెవిల్, ఛాతీ పొంగిపోతూ.

కానీ పెట్టె పాడాల్సిన బృందగానం దగ్గరికొచ్చేస్తోంది. మీట నొక్కాడు. ఉత్త చెక్క చప్పుడు. నాన్న వినాల్సిన చోటే పోయిందని ఏడుపొచ్చింది.

సరిగ్గా అప్పుడే మూడో వరసలోంచి ఒక లోతైన గొంతు లేచింది.

ఆ గొంతు ఎవరిదో నెవిల్‌కి ఒకరు చెప్పనక్కర్లేదు. బృందంలోవాళ్లే తడబడే ఏడో దెబ్బ మీద, చెక్కుచెదరకుండా ఎత్తుకుంది. దాని వెనకే మరో గొంతు, ఇంకో పది, చివరికి చర్చి బృందమంతా నాలుగు స్వరాల పొందికతో పాడేసింది.

ఆఖరి స్వరం వచ్చింది. ఎనిమిది సెకన్లు కాగానే నెవిల్ అలవాటుగా మీట మీంచి వేలు తీసేశాడు. వాళ్లు మాత్రం ఆపలేదు. బొగ్గు ధూళి మింగిన ఆ ఊపిరితిత్తులు స్వరాన్ని అలాగే నిలబెట్టాయి. మొట్టమొదట ఆ పాట అతని మనసులో మోగింది ఇలాగే. ఏ రికార్డులోనూ ఇలా మోగలేదు.

కొవ్వొత్తులు వెలిగేసరికి నెవిల్ వేదిక మీంచి దూకాడు.

“నీకెట్లొచ్చు నాయినా ఇదంతా?”

“రికార్డు పంపినవ్ గద. మంగళారం మంగళారం అందరికి నేర్పిన. ఆఖర్ల తెగిపోతాందిరా అది. పాపం, నీ పెట్టెకు ఊపిరి చాలది. మేం నిండుగ పాడినం. తప్పా?”

నెవిల్ తల అడ్డంగా ఊపాడు. చెమటలు కక్కుతూ గైల్స్ వచ్చాడు.

“ఎవరండీ ఈయన? ముందు ఎత్తుకున్నది ఈయనేనా?”

“మా నాయిన!” అన్నాడు నెవిల్, హాలంతా వినబడేలా.

కత్‌బర్ట్ టోపీ సర్దుకున్నాడు. “ఒర్లింది సాలు గని, ఇంకో రికార్డు తెచ్చియ్యిరా. ఉన్నది అరిగిపోయింది.”