మొగిలవ్వ నాలుక

మొగిలవ్వ తడిబట్టలోంచి తునికాకు తీసి, కొలతకు కోసి, తంబాకు పరిచి చుట్టింది. మూతి మడిచి దారం కట్టింది. చాటలో ఆరువందల బీడీలయ్యాయి. కోరుట్లలో ఆ వాకిట్లోనే ఆమెకు నలభై ఏళ్లుగా ఇదే పని. తంబాకు దుమ్ముకు నాలుక మొద్దుబారింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. రుచి ఒక్కరోజులో పోయింది కాదు కదా.

భర్త వెంకటి మస్కట్‌లో ఇరవై ఏళ్లు సిమెంటు మోసి, షుగరూ బీపీతో తిరిగి వచ్చాడు. ఉప్పు తగ్గించకపోతే కిడ్నీలు మిగలవని జగిత్యాల డాక్టరు చెప్పాడు. ఆనాటి నుంచి మొగిలవ్వ ఉప్పు సగమే వేసి, నాలుక మీద చూసుకునేది. చప్పగా తోస్తే ఇంకొంచెం వేసేది. ఆయన కాళ్ల వాపు మాత్రం దిగలేదు. వేలితో నొక్కితే గుంట పడేది. మందులు మంచివి కావని డాక్టరును తిట్టుకునేది.

ఆ పగలు వెంకటి చిక్కుడుకాయ కూరతో అన్నం తిని, ఏమీ అనకుండా మంచం మీద ఒరిగాడు. మూడింటికి బడిలో వంట చేసే నర్సక్క వచ్చింది. ఆకలిగా ఉందంటే మొగిలవ్వ అదే కూర వేసింది. మొదటి ముద్దకే నర్సక్క ఆగిపోయింది.

“వదినె, గిది కూరనా, తొక్కా? అన్నను ఊరబెడుతున్నవా ఏంది?”

“పో తియ్. ఉప్పు సగమే ఏసిన.”

“నీ నాలికెను తంబాకు తిన్నది. బీడీలు చేసెటోళ్లకు గంతే.”

మొగిలవ్వ చేతిలోని ఆకు కింద పెట్టి మంచం దగ్గరికి వెళ్లింది.

“ఏమయ్యా, ఉప్పెక్కువైతే చెప్పరాదా?”

వెంకటి కళ్లు తెరవకుండానే నవ్వాడు. “నేను మస్కట్ల ఉంటే గా బీడీలతోనే బిడ్డను సదివిచ్చినవ్. ఇంత వండి పెడితె వంకలు గూడ వెట్టాల్నా?”

“వంక వెట్టకుంట సస్తవా?”

ఆయన బదులు పలకలేదు. నిద్ర పట్టిందేమో అనుకుంది.

ఆరువందల దగ్గరే చాట పక్కన పెట్టింది. మళ్లీ చిక్కుళ్లు తుంచింది. నర్సక్క తన చేత్తో ఉప్పు వేసింది. మొగిలవ్వ నాలుకకు అది గడ్డి నమిలినట్టుంది. ఇంకో చిటికెడు వేయబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

దీపాల వేళ అన్నం పెడదామని పోయి భుజం కదిపింది. భుజం చల్లగా ఉంది.

వాడకట్టంతా వచ్చింది. చావింట్లో పొయ్యి మండకూడదని ఎవరో నర్సక్కకు సైగ చేస్తే ఆమె పొయ్యి మీద నీళ్లు చల్లింది. పక్కన గట్టు మీద మూతపెట్టిన సత్తు గిన్నెలో ఆ పూట ఉప్పు తగ్గించి వండిన కూర నిండుగా, గంటె కూడా పెట్టకుండా, అట్లాగే ఉంది.