దొర చేసిన వెట్టి

భీమయ్య సుత్తె ఎత్తి మళ్లీ వేశాడు. రాయి పగలలేదు. "థూ, నీ యవ్వ!" అని తిట్టాడు గాని ఆ తిట్టు రాయికి కాదు, గని గేటు దగ్గర గొడుగు కింద కూర్చున్న గని యజమాని చంద్రప్ప పటేలుకు. తాండూరు నుంచి ఊరికి రోడ్డు వేసుకోవాలట, ఇంటికొక మనిషి కూలి లేకుండా రావాలట. దానికి శ్రమదానమని ఓ సోకైన పేరు! వెట్టిలో పటేలు మూట మోస్తూ ప్రాణం వదిలిన తండ్రి మీద ఒట్టేసి, పోలీసు యాక్షన్ అయిన ఏడాదే వెట్టికి దండం పెట్టినవాడు భీమయ్య. పదేళ్లు ఆ ఒట్టు నిలుపుకున్నాడు. ఇవాళ రాకపోతే గనిలో పని బందని కబురొచ్చింది. ఇంట్లో పెళ్లాం మొగులమ్మ వెలగని పొయ్యి వైపు చూసింది. తిట్టుకుంటూనే వచ్చాడు.

పక్కన తట్టలు నింపుతున్నవాడు ఎమిల్ అనే తెల్ల కుర్రాడు. వికారాబాదు మిషను వాళ్ల దగ్గర నాలుగు ముక్కలు తెలుగు నేర్చుకొని వచ్చాడు. సముద్రాలు దాటి మరీ ఊరికే పని చెయ్యడానికి! ముక్కు మీద తోలు ఊడి, చేతులకు తోలు తొడుగులు వేసుకొని, ఈల వేస్తూ మట్టి ఎత్తుతుంటే భీమయ్యకు ఒళ్లు మండిపోయింది. ఊరంతా అతన్ని దొర అంటోంది. దొర మోస్తే ఫొటో, పూలదండ. తను మోస్తే ఎవడికి పట్టింది?

"మీ దేశంల పని లేదా దొరా?"

"ఉన్నది. ఇక్కడ సంతోషం ఉన్నది." ఎమిల్ తొడుగులు తీసి, చితికిన బొబ్బలు గర్వంగా చూపించాడు. "డబ్బు లేని పని. దీన్ని మీరు ఏమంటారు?"

భీమయ్య అతన్ని ఎగాదిగా చూశాడు.

"వెట్టి."

"వెట్టి, వెట్టి," అనుకుంటూ ఎమిల్ మళ్లీ పార పట్టాడు.

పొద్దు వాలే వేళకు రోడ్డు పని చూడ్డానికి పెద్ద ఆఫీసరు జీపు దిగాడు. ఎమిల్‌కు దండ వేసి బల్ల ఎక్కించారు.

"నేను చాలా దూరం నుంచి వచ్చిన," అన్నాడు ఎమిల్. "పటేలుకు సంతోషంగా వెట్టి చేసిన. మీరందరు ఇట్లనే వెట్టి చెయ్యాలె!"

ముసలి ఇంద్రమ్మ కిసుక్కుమంది, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. ఆఫీసరు పటేలు వైపు చూశాడు. పటేలు మొహం మాడిపోయింది.

"ఎవడు నేర్పిండ్రా గీ మాట?"

భీమయ్య ముందుకొచ్చాడు.

"నేనే పటేలా. ఇయ్యాల్టి కూలి ఇయ్యి, మాట వాపసు తీస్కుంట."

"రేపటి సంది గనిమొకం జూడకు!"

"చూడ. కొడంగల్ దిక్కు పోత. కూలి ఇచ్చేకాడ చేస్కుంట."

ఎమిల్ కంగారుగా బల్ల దిగాడు. "తప్పు మాటా?"

అప్పుడు భీమయ్యకు వాడి మీద జాలేసింది. జాలేసినందుకు ఇంకా కోపమొచ్చింది.

"మాట తప్పు గాదు, నీకు అతకదు. నువ్వు బుద్ధి పుడితే వస్తివి, బుద్ధి పుడితే పోతవు. పోనీకి వీలులేనోడు చేసేదే వెట్టి. ఎనకకు తిరిగి సూడు, ఊరికని ఏసిన తొవ్వ ఏడికి బోయింది?"

ఎమిల్ చూశాడు. రోడ్డు ఊరిని పక్కకు వదిలేసి నేరుగా పటేలు గని గేటు దగ్గర ఆగింది. అతను దండ తీసేశాడు. తొడుగులు భీమయ్య ముందు పట్టాడు.

"ఊరికే వచ్చేది నాకొద్దు," అన్నాడు భీమయ్య.

ఎమిల్ ఆ సాయంత్రం రైలుకే వెళ్లిపోయాడు. తెల్లారి భీమయ్య సుత్తె భుజాన వేసుకొని, మొగులమ్మను వెంటబెట్టుకొని గని ముందునుంచే నడిచాడు, తల తిప్పలేదు. గేటు దగ్గర మట్టిలో పార గుచ్చి ఉంది. దాని పిడికి తోలు తొడుగులు రెండూ, లోపల నెత్తురు ఎండిపోయి, వేలాడుతున్నాయి.