వెనక గది గడియ

మేకులు ఊడిన బొక్కల్లో సున్నం ముద్ద కూరుతూ ఉంది కృష్ణమ్మాళ్. క్యాలెండర్‌కి ఒకటి, సామి పటాలకి మూడు, తలుపు వెనక చొక్కాలకి ఇంకొకటి. అద్దెకున్నవాళ్ళు పోతారు, బొక్కలు ఉండిపోతాయి. తమిళనాడు కోవిల్‌పట్టిలో అద్దె కాగితం పదకొండు నెలలకే రాస్తారు కాబట్టి, చాలాసార్లు పదకొండు నెలలకొకసారి ఆమెకి ఈ పని తప్పదు. వంటింటి గోడ జిడ్డు, తొట్టిలో పాచి, బాత్‌రూమ్‌లో వెంట్రుకలు. ఇంటి ఓనరు పెళ్ళామంటే కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందని వీధిలో అనుకుంటారు. అనుకోనీ, వాళ్ళ నోటికి అడ్డమేముంది?

మొగుడు పెరియసామి విరుదునగర్ పప్పు మండీలో గోడౌన్ చూసుకుంటాడు. పొద్దున్నే బస్సెక్కితే చీకటి పడ్డాకే రావడం. మోటారు ఆగినా, కాలువ నిండినా, మేడ మీద వాళ్ళకీ పక్కింటి వాళ్ళకీ తగువొచ్చినా అన్నీ ఈమెకే. కొత్తవాళ్ళు ఇల్లు చూడ్డానికి వచ్చే ఆదివారం మాత్రం ఆయన తెల్ల చొక్కా వేసుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ‘ఏ ఊరు? ఏం మనుషులు?’ అని విచారిస్తాడు. ఈమె కాఫీ తెస్తుంది.

నిజానికి ఈ జాగా ఈమె తల్లి వెళ్ళైయమ్మాళ్ కూతురి పేరున రాసిచ్చింది. ఇల్లు కట్టాక మొదటిసారి అద్దెకిచ్చినప్పుడు పెరియసామి, “నీ పేరేంది, నా పేరేందే, అంతా ఒకటే గదా” అన్నాడు. ఒకటే అయితే ఆమె పేరే రాయొచ్చు కదా అని అప్పుడు తోచలేదు. ఇరవై ఏళ్ళుగా ప్రతి కాగితంలోనూ యజమాని పెరియసామి, కింద సాక్షి కృష్ణమ్మాళ్. తన ఇంటికి తానే సాక్షి. ఇప్పుడు తలచుకుంటే ఆమెకి నవ్వొస్తుంది, వెనకే కడుపు మండుతుంది.

ఈసారి తమ పక్క వాటాలోకి వస్తున్నది అముద. నాగలాపురం పిల్ల, వేరుశనగపప్పు, బెల్లంతో కడలమిఠాయి చేసేచోట పని, చిన్న కూతురు తప్ప తోడెవరూ లేరు. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు నీళ్ళ గురించి అడగలేదు, కరెంటు గురించి అడగలేదు. గుమ్మంలోనే నిలబడి, “అక్కా, తలుపుకి లోపల గడియ ఉండాదా?” అంది.

ఆ మాట కృష్ణమ్మాళ్‌ని వదల్లేదు. ఆదివారం పెరియసామి, ఓనర్లు కాగితం ఎట్లా రాసుకోవాలో చెప్పే వీడియో ఒకటి ఫోన్‌లో చూసి షరతులు చెబుతుంటే, ఈమె రాస్తోంది. ఆయన రాత కోడి గెలికినట్టుంటుంది. “రాయి. ఓనరు ఎప్పుడైనా లోపలికొచ్చి చూడొచ్చు.” కలం ఆగింది. పెళ్ళయిన నెలకే ఈ మనిషి తమ గది గడియ ఊడబీకాడు. “మొగుడుండే ఇంట్లో ఆడదానికి గడియెందుకు?” అని అత్త గాంధిమతి వంత పాడింది. అప్పటినించీ కాలు తలుపుకి తన్నిపెట్టి చీర మార్చుకుంటోంది. ఏడవాలన్నా కుళాయి తిప్పి ఏడవాలి. “రాయి. ఖాళీ చెయ్యమంటే నెల ముందు చెప్పాల.” చారులో ఉప్పెక్కువైన రోజు తనకి నెల గడువు ఇవ్వలేదే! “నా ఇంట్లోంచి బయటికి పో” అన్నాడు. తను మెట్ల మీద కూర్చుంది. ఎక్కడికి పోతుంది? అది తన ఇల్లేనని ఆ క్షణం గుర్తే రాలేదు, అదీ అసలు అవమానం.

“ఏమే, నిద్ర పోతావుండావా?” అన్నాడు ఆయన. ఆమె రాసింది.

సోమవారం ఇద్దరూ దస్తావేజులు రాసే బాలసుబ్రమణియన్ దగ్గరికి వెళ్ళారు. ఇప్పుడు అద్దె కాగితం ఆన్‌లైన్‌లో నమోదు చేయించాలట. బాలసుబ్రమణియన్ ఇంటి పాత పత్రాలు తిరగేసి, “యజమాని అమ్మగారు కదా, సంతకం, వేలిముద్ర ఆమెవే కావాలి. ఇన్నేళ్ళూ మీరెట్లా పెట్టారు సార్?” అన్నాడు తమిళంలో. పెరియసామి నవ్వేశాడు. “చూడు నీ యోగం! వేలు పెట్టు, నోరు తెరవాకు.”

“మార్పులేమైనా ఉన్నాయా అమ్మా?” బాలసుబ్రమణియన్ అలవాటుగానే అడిగాడు. ఆమెని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఇంటికి పోయాక ఏమవుతుందో తెలుసు. అయినా అంది.

“రెండున్నాయి. యజమాని లోపలికి రావాలంటే ముందు అడగాలి. ఇంకొకటి, అద్దెకిచ్చేది ముందు గది, వంటిల్లు మాత్రమే. మెట్ల పక్క వెనక గది యజమాని సొంత వాడకానికి.”

మొదటి మాటకి పెరియసామి మొహం ముడుచుకుంది కానీ, రెండోదానికి తల ఊపాడు. “అదీ సరే. పప్పు మూటలేసుకోవచ్చు.”

సంతకాలప్పుడు అలవాటు కొద్దీ ఆయన చెయ్యి పైన యజమాని గీత మీదికే పోయింది. బాలసుబ్రమణియన్ మెల్లగా కాగితం జరిపి కింద చూపించాడు. “మీరు ఇక్కడ, సాక్షి.”

బస్టాండుకి నడిచేటప్పుడు కృష్ణమ్మాళ్ ఇనుప సామాన్ల అంగడి ముందు ఆగింది. లోపలినించి వేసుకునే గడియ, గట్టిది, ఒకటి కావాలంది.

“ఆ పిల్ల తలుపుకి ఉండాది గదా?”

“ఇది వెనక గదికి.”

“మూటలకి లోపల గడియెందుకే?”

“మూటలకి కాదు,” అంది కృష్ణమ్మాళ్, “యజమానికి.”