బదులు నాట్లు

తాయారుకు ఏమీ అర్థం కాలేదు. ఫోనులో వాళ్ల జట్టు పేరు పక్కన నూటికి నూరు కనిపిస్తోంది. ఎదురుగా హిందీ టీచరు గౌతమి మాత్రం కొంప మునిగినట్టు ముఖం పెట్టుకుని కూర్చుంది.

ఢిల్లీలో ఖద్దరు ప్రదర్శన పెడుతున్నారు. పొందూరు నుంచి వెళ్లి అంగట్లో కూర్చోవడానికి ఒక్కరికే చోటు. హిందీలో బేరం చెప్పగలిగితే చాలన్నారు. తాయారు ఇన్నేళ్లుగా నూలు వడుకుతోంది గానీ, దాంతో నేసిన బట్ట ఎవరు కట్టుకుంటున్నారో చూసిన పాపాన పోలేదు. ఒక్కసారి తన చేత్తో అమ్మి, కొన్నవాళ్ల ముఖం చూడాలని ఆమె ఆశ. పైకి అంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

మాటలు నేర్పడానికి గౌతమి ఫోనులో ఒక ఆట తయారుచేసింది. బొమ్మ వస్తుంది, దాని హిందీ మాట ఫోనుకు చెప్పాలి. ముగ్గురేసి ఒక జట్టు, ఒకరికొకరు సాయం చేసుకోండమ్మా అంది. సాయమంటే తాయారుకు కొత్తా? అప్పటికప్పుడు పని పంచేసింది. అంకెలూ ధరలూ తనకి, రంగులు సుహాసినికి, పలకరింపులూ మర్యాదలూ రాజకుమారికి. ఎవరి ఆటలో ఏ బొమ్మ పడినా, ఫోను ఆ మాట తెలిసినవాళ్ల చేతిలోకి పోయేది. ముగ్గురికీ మార్కులు నిండాయి.

ఇవాళ గౌతమి ఒక్కొక్కరినే లోపలికి పిలిచింది. తానే కొనడానికి వచ్చినట్టు ఎర్ర చీర ఎత్తి రంగేమిటని హిందీలో అడిగింది. తాయారు ధర గడగడా చెప్పింది. గౌతమి మళ్లీ రంగే అడిగింది. తాయారు అలవాటుగా కిటికీ వైపు చూస్తే, బయట నిలబడ్డ సుహాసిని జవాబు చెప్పేసింది. గౌతమి లేచి కిటికీ మూసి, ఇదేం చదువని నిలదీసింది.

“ఇందల తప్పేటున్నాది మేడమ్? నాట్లప్పుడు నా సేనికి ఆళ్లొస్తారు, ఆళ్ల సేనికి నానెల్తాను. మూడు సేలూ పండుతాయి కదా.”

తప్పు ఆటదో, తనదో, వీళ్లదో గౌతమికీ తేలలేదు.

“ఢిల్లీలో సుహాసిని ఉండదమ్మా,” అంది చివరికి. సోమవారం మళ్లీ అడుగుతానని, అన్నీ చెప్పినవాళ్ల పేరు పంపుతానని అంది.

తాయారు ఇంటికెళ్లి రాట్నం ముందు కూర్చుంది. చేతిలో పత్తి చేతిలోనే ఉండిపోయింది. నూటికి నూరు వచ్చిన మనిషి ఎలా ఓడిపోతుందో ఆమె బుర్రకు ఎక్కలేదు. ఇక ముగ్గురూ ఎవరి తలుపు వాళ్లు వేసుకుని చదువుకోవాలి కాబోలు. అది తలుచుకుంటే దిగులేసింది.

మర్నాడు తెల్లారేసరికి సుహాసిని, రాజకుమారి గుమ్మంలో ఉన్నారు. సుహాసిని చుట్టలుగా కట్టిన రంగురంగుల నూలు చిలపలు తెచ్చి రాట్నం పక్కన పరిచింది. తాయారు తెల్లబోయింది. ఒక్కరికే కదా చోటు, మీరు చదువుకోరా అని అడిగింది.

“నువ్వెల్తే మా బట్ట అమ్మవేటి వదినా?” అంది సుహాసిని, ఒక ఎర్ర చిలప ఎత్తి. “ముందు ఇదే రంగో హిందీల సెప్పు.”

ఇది సాయమో, మళ్లీ అదే తప్పో తాయారుకు తెలియలేదు. మేడమ్‌ను అడగాలనుకుంది. ఈలోగా కళ్లలో నీళ్లు తిరిగి రంగులన్నీ కలిసిపోయాయి. చీరకొంగుతో తుడుచుకుని చిలప వైపు చూసింది.

“లాల్,” అంది, జవాబు కోసం సుహాసిని ముఖంలోకి చూడకుండా.